ఒక్క ఫోన్ చేసి కనుక్కో!

పొద్దున్నే గుమ్మంలో పేపరు పడిన చప్పుడు వినిపిస్తుంది. కాఫీ కలిపేలోపు ఇంటిల్లిపాదీ తలో పేజీ పంచుకుంటారు. ఆ పేజీ మీదాకా రావడానికి ముందు ఎక్కడో ఓ కుర్రాడు రాత్రంతా సెల్లుతో, కంప్యూటరుతో, గడియారంతో కుస్తీ పట్టి ఉంటాడు. పక్కన క్యారేజీ చల్లారిపోయి ఉంటుంది. అతని రోజు ఎలా గడుస్తుంది? ఏం ఆలోచిస్తుంటాడు? ఒక్క రాత్రి అతని పక్కన కూర్చుని చూద్దాం.

రాత్రి పదకొండూ పది.

జిల్లా పేజీలు ఒక్కొక్కటిగా ప్రెస్సుకు కదిలిపోతున్నాయి. మొదటి పేజీ అడుగున మాత్రం రెండు కాలమ్‌ల జాగా ఖాళీగా మిగిలింది. అక్కడ రావాల్సిన ప్రకటన చివరి నిమిషంలో ఆగిపోయింది. 'మంచి ఐటమ్ ఏదైనా ఉంటే చూసి పెట్టు' అని చెప్పి ఇన్‌ఛార్జి టీ తాగడానికి కిందికి వెళ్లారు.

సరిగ్గా అప్పుడే బల్లమీద సెల్లు 'కుయ్'మంది.

'ఘాట్‌రోడ్డులో ఘోరం. లోయలో పడిన బస్సు. పన్నెండు మంది మృతి. అందరికీ పంపండి'. కిందే ఫొటో. బోల్తాపడిన బస్సు, చుట్టూ జనం, రోడ్డుమీద ఎవరిదో ఒంటి చెప్పు.

నిమిషం గడిచేసరికి అదే ముక్క మరో మూడు గ్రూపుల్లో ప్రత్యక్షమైంది. నాలుగో గ్రూపుకి చేరేసరికి మృతుల సంఖ్య పద్నాలుగైంది.

సెల్లు పట్టుకున్న కుర్రాడికి ఇరవయ్యారేళ్లు. డిగ్రీ అయ్యాక జర్నలిజం డిప్లొమా చేశాడు. డెస్కులో సబెడిటర్‌గా చేరి మూడేళ్లు. పేరు ఏదైనా అనుకోండి, ఊరు ఏ జిల్లా కేంద్రమైనా అనుకోండి. తెలుగునాట ఏ పత్రికాఫీసులో రాత్రి షిఫ్టు చూసినా ఇలాంటి కుర్రాడు ఒకడు కనిపిస్తాడు. ఇలాంటి రాత్రి కూడా వాళ్లలో ప్రతి ఒక్కరికీ ఏదో ఒకరోజు ఎదురయ్యే ఉంటుంది.

ఫొటో చూడగానే చేతులు వాటంతటవే కీబోర్డు మీదికి వెళ్లాయి. శీర్షిక కూడా తట్టేసింది. మూడు పదాలు, అచ్చుగుద్దినట్టు ఆ జాగాకి సరిపోయేవి. ఎదురు బల్ల దగ్గర కళ్లద్దాలు తుడుచుకుంటున్న సీనియర్ తలెత్తకుండానే అన్నారు.

'ఒక్క ఫోన్ చేసి కనుక్కో బాబూ.'

కనుక్కోవడానికే కదా చేస్తున్నాడు! స్టేషన్ ఎస్సై నంబరు... అందుబాటులో లేదట. ఆ మండలం విలేకరి నంబరు... మోగుతోంది, మోగుతోంది, ఎత్తడంలేదు. ఘాట్‌లో సిగ్నలు దొరకడం ఎప్పుడూ కష్టమే. అతను మళ్లీ నొక్కాడు. అవతల మోగుతున్నంతసేపూ చేసేదేమీ లేదు. చిత్రం ఏమిటంటే, ఇంత సాంకేతికత ఉన్న కాలంలోనూ వార్త నిజమో కాదో తేలాలంటే అవతల ఒక మనిషి ఫోన్ ఎత్తాల్సిందే.

వార్త బస్సెక్కి వచ్చేది

ఆ సీనియర్ ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇలాంటి కబురు పదకొండూ పదికి వచ్చే ప్రసక్తే లేదు. వస్తే మర్నాడు మధ్యాహ్నం వచ్చేది... అదీ ఆర్టీసీ బస్సులో!

నిజంగా బస్సులోనే. మండలం విలేకరి తెల్లకాగితం మీద వార్తలు రాసి, ఫొటో ఉంటే దాన్నీ జతచేసి, పొడుగాటి కవర్లో పెట్టి, సాయంత్రం బస్సు డ్రైవరుకో కండక్టరుకో అందించేవాడు. జిల్లాకేంద్రంలో ఆఫీసు కుర్రాడు సైకిలేసుకుని బస్టాండుకి వెళ్లి కవర్లన్నీ పోగేసుకొచ్చేవాడు. బస్సు చెడిపోతే ఆ మండలంలో ఆరోజు ఏమీ జరగనట్టే లెక్క! మరీ పెద్ద సంగతైతే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంక్ కాల్ బుక్ చేసుకుని ఎదురుచూడాలి. లేదంటే టెలిగ్రాం. అవతల వాక్యాలకు వాక్యాలు గట్టిగా చదువుతుంటే ఇవతల డెస్కులో రాసుకునేవాళ్లు. లైన్లో గరగర. 'మ' అన్నాడో 'న' అన్నాడో తెలిసేది కాదు. 'మామిడిలో మ... నక్కలో న...' అంటూ ఒకటికి రెండుసార్లు అడిగి రాసుకునేవాళ్లు.

ఆ రెండుసార్లు అడగడంలోనే అసలు కిటుకు ఉంది. గత్యంతరం లేక అలవాటైన ఆలస్యం వార్తకు కాపలా కాసింది. కవరు బస్సెక్కేలోపు పుకారు పుకారని తేలిపోయేది. ఊళ్లో నలుగురూ చెప్పుకున్నాక, పోలీస్‌స్టేషన్లో రాసుకున్నాక, ఆసుపత్రిలో చూసొచ్చాక రాసిన వార్త అది. అప్పటి విలేకరులంతా సత్యహరిశ్చంద్రులని కాదు. తప్పు చేయడానికైనా వాళ్లకి టైము పట్టేది, అంతే.

ఆ తరవాత ఒక్కొక్కటీ వచ్చాయి. ఫ్యాక్సు, మోడెం, ఈమెయిలు. 1995 జులై 31న మనదేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ మోగింది. అదే ఏడాది ఆగస్టు 15న ఇంటర్నెట్ సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. మొదట్లో అవతలివాళ్లు చేసిన కాల్ ఎత్తినా మనకే బిల్లు పడేది కాబట్టి, సెల్లు చేతికొచ్చిన విలేకరి కూడా దాన్ని జేబులో దాచుకుని మిస్డ్‌కాల్ చూసుకుని ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తేవాడు. 2013 జులైలో టెలిగ్రాం సేవకు మంగళం పాడేశారు. ఈ కుర్రాడు దాన్ని సినిమాల్లో తప్ప ఎక్కడా చూడలేదు.

ఊళ్ల వార్తలకు అంత విలువేమిటి అనుకోవద్దు. 1980ల చివర్లో జిల్లా అనుబంధాలు మొదలయ్యాకే తెలుగు పత్రిక పల్లె గడప తొక్కింది. భారతీయ భాషా పత్రికల మీద పరిశోధన చేసిన రాబిన్ జెఫ్రీ, 2000లో వచ్చిన తన పుస్తకంలో ఈ సంగతిని ప్రత్యేకంగా రాశారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన సంగతి 1992లో ఊరూరా పాకడానికి ఆ పేజీలూ ఒక కారణమే. పక్కూళ్లో వాళ్లు చేశారట, మనమెందుకు చేయకూడదు అనుకున్నారు. ఉద్యమం రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా అమ్మకాలు ఆపేయాల్సి వచ్చింది. చిన్న ఊరి చిన్న వార్తకి అంత బలముంది. అది అబద్ధమైతే? దాని బలమూ అంతే ఉంటుంది.

ఆఫీసు ఫోన్ మోగింది

పదకొండున్నర. ఎస్సై ఇంకా దొరకలేదు. డిపోకి చేస్తే ఎత్తినాయన 'ఇప్పుడే డ్యూటీకొచ్చా, నాకేం తెలీదు' అన్నాడు. ఇంతలో ఇన్‌ఛార్జి తిరిగొచ్చారు, సెల్లు చూసుకుంటూనే.

'అవతల వెబ్‌సైట్లో పెట్టేశారు. ఇద్దరు పెట్టారు. మన సంగతేంటి?'

ఈ ప్రశ్నలో కోపం లేదు, భయం ఉంది. పొద్దున పత్రికలన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. అవతలి పత్రికలో ఉండి మనదాంట్లో లేని వార్తని 'మిస్సింగ్' అంటారు. మిస్సింగ్ అయితే సంజాయిషీ తప్పదు. లేని వార్త రాస్తే మర్నాడు లోపలి పేజీలో చిన్న సవరణతో సరిపోతుందేమో! అన్యాయమే గానీ లెక్క అలాగే ఉంటుంది. అందుకే కుర్రాళ్ల చేతులు రాయడానికే ముందుకెళతాయి, ఆగడానికి కాదు.

అప్పుడు మోగింది ల్యాండ్‌లైను. ఈమధ్య ఎవరూ చేయని నంబరు అది. పేపరు మొదటిపేజీ మీద కనిపిస్తుంది కాబట్టి పెద్దవాళ్లకి అదే గుర్తు.

'పేపరాఫీసేనా అయ్యా? బస్సు పడిపోయిందంట గదా... మా పెద్దోడు అందులోనే వస్తన్నాడు. ఫోన్ ఎత్తట్లేదు. మీకు తెలుస్తదని...'

ఆడగొంతు. వెనకాల ఎవరో ఏడుస్తున్న చప్పుడు.

'అమ్మా, ఇంకా ఏమీ తేలలేదు. కనుక్కుంటున్నాం. మీ నంబరు చెప్పండి, తెలియగానే నేనే చేస్తా.' ప్రూఫు కాగితం వెనక నంబరు రాసుకున్నాడు. కొడుకు పేరు కూడా. ఫోన్ పెట్టేశాక కాసేపు ఆ కాగితాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఖాళీ జాగాకి అచ్చుగుద్దినట్టు సరిపోయిన ఆ మూడు పదాల శీర్షిక తెరమీద అలాగే ఉంది.

దాన్ని చెరిపేశాడు.

ఆ ఒక్కరోజు

సీనియర్ బల్ల సొరుగులో ఒక పాత పత్రిక ఉంది. 2009 సెప్టెంబరు 3 నాటిది. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ ఆయన ఒకసారి ఆరోజు సంగతి చెబుతారు.

2009 సెప్టెంబరు 2 పొద్దున అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి హైదరాబాద్ బేగంపేట నుంచి హెలికాప్టర్లో చిత్తూరు జిల్లాకు బయల్దేరారు. జోరువాన. తొమ్మిదిన్నర ప్రాంతంలో నల్లమల మీదుగా వెళుతున్న హెలికాప్టర్‌తో సంబంధాలు తెగిపోయాయి. కాసేపటికి ఒక కబురు బయటికొచ్చింది... ఎక్కడో క్షేమంగా దిగారని, రోడ్డు మార్గాన వెళుతున్నారని. అంతా ఊపిరి పీల్చుకున్నారు. ఆ కబురు నిజం కాదని తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. అక్కడి నుంచి ఒక రాష్ట్రం మొత్తం టీవీలకు అతుక్కుపోయింది.

అప్పటికి తెలుగులో వార్తల కోసమే పుట్టిన చానళ్లు వరసగా వచ్చేశాయి. 2004లో టీవీ9 మొదలయ్యాక ఐదేళ్లలో చిత్రం మారిపోయింది. తెరమీద వార్త ఆగకుండా పరుగెత్తాలి. పరుగెత్తించడానికేమో వార్త లేదు. ఉన్నదల్లా అడవి, వాన, చీకటి. తెలియని సంగతిని గంటలకొద్దీ చెప్పుకుంటూ పోవాల్సి వచ్చిన రాత్రి అది. పత్రికల డెస్కుల్లో పరిస్థితి ఇంకా ఇబ్బంది. టీవీవాళ్లు పొరపాటు చెప్పినా పది నిమిషాల్లో మార్చుకోవచ్చు. అచ్చయిన అక్షరం మర్నాటిదాకా కదలదు. ఆ రాత్రి పేజీలు వదలాల్సిన వేళకి తెలిసింది ఒక్కటే, ఆచూకీ తెలియలేదన్నది. మిగిలిందంతా తెలియనిదే. మర్నాడు పొద్దున కర్నూలు జిల్లా పావురాలగుట్ట దగ్గర శకలాలు కనిపించాయి. అందులో ఉన్న ఐదుగురూ మరణించారని ప్రకటించారు.

'ఆ రాత్రి రకరకాల ఫోన్లొచ్చాయి. దొరికారన్నవాళ్లున్నారు, చూశామన్నవాళ్లున్నారు. అందరూ నమ్మకంగానే చెప్పారు' అంటారు సీనియర్. 'తెలియదు అని రాయడానికి కూడా ధైర్యం కావాలి బాబూ' అని పేపరు మడిచి సొరుగులో పెట్టేస్తారు. కుర్రాళ్లు తలూపుతారు. అప్పటికి వాళ్లు హైస్కూల్లోనో, ఇంకా చిన్న క్లాసుల్లోనో ఉన్నవాళ్లు.

వాళ్ల తరం చూసింది ఇంకో రకం. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో వచ్చిన సందేశాలు, వీడియోలు తెలుగు రాష్ట్రాల్లో పల్లెలకు పల్లెల్ని రాత్రిళ్లు మేలుకునేలా చేశాయి. కర్రలు పట్టుకుని కాపలాలు. కొత్తమొహం కనిపిస్తే చాలు, చుట్టుముట్టడమే. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. ఆ వీడియోలకూ ఈ ఊళ్లకూ ఏ సంబంధమూ లేదు. అదే సమయంలో జోగులాంబ గద్వాల జిల్లా పోలీసులు మాత్రం ఇంటింటికీ కానిస్టేబుళ్లను పంపారు. పాత పద్ధతే... డప్పు కొట్టి, పాటలు కట్టి, ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పేరు దేశమంతా వినిపించింది అందుకే. ఆ ఏడాది జులైలో వాట్సాప్ మనదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కరికే పంపేలా చేసింది. కట్టడి మంచిదే. అయినా ఘాట్‌రోడ్డు బస్సు పది నిమిషాల్లో జిల్లా చుట్టొచ్చింది కదా!

చనిపోయారన్న వార్తలైతే మరీ దారుణం. 2023 మార్చిలో, సరిగ్గా ఉగాదికి ముందురోజు, నటుడు కోట శ్రీనివాసరావు కన్నుమూశారంటూ ప్రచారం ఊపందుకుంది. పొద్దుట్నుంచి ఇంటికి ఫోన్లే ఫోన్లు. బందోబస్తు కోసం పోలీసులు కూడా ఇంటికొచ్చారు. చివరికి ఆ పెద్దాయనే కెమెరా ముందుకొచ్చి తాను బతికే ఉన్నానని చెప్పుకోవాల్సి వచ్చింది. ఒక మనిషి తన గురించి తానే ఇచ్చుకోవాల్సిన వివరణేనా అది? రెండేళ్ల తరవాత 2025 జులై 13న ఆయన నిజంగానే వెళ్లిపోయారు. ఆ పొద్దున డెస్కుల్లో చాలామంది మొదట చేసింది ఫోనే.

జంక్‌ అక్షరాల నుంచి గొంతు టైపింగ్ దాకా

అయితే ఈ కుర్రాడు సాంకేతికత మీద కారాలు మిరియాలు నూరే రకం కాదు. అదే లేకపోతే అతని పని సగం నడవదు. పదిహేనేళ్ల కిందటి కష్టాలు వింటే నవ్వొస్తుంది కూడా. ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు. ఇక్కడ టైపు చేసిన తెలుగు వేరే కంప్యూటర్లో తెరిస్తే డాలరు గుర్తులు, కొమ్ములు, పిచ్చిగీతలు! అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఊరి వార్త చదవాలంటే ముందు ఫాంటు దించుకోవాలి. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దక్కినా మన డెస్కులు దాని దారికి రావడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు మండలం విలేకరి సెల్లులో మాట్లాడితే తెలుగు అక్షరాలు వాటంతటవే పడుతున్నాయి. ఇంగ్లిషు వార్తని యంత్రం క్షణంలో తెలుగు చేసిపెడుతోంది. యుద్ధవార్తలో 'ఎయిర్ స్ట్రైక్' వస్తే ఎక్కడ 'గాలి సమ్మె' అని పెడుతుందోనని ఒక కన్నేసి ఉంచాలంతే!

2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది. 2023లో కంప్యూటర్ సృష్టించిన యాంకర్లు ఒడియాలో, తెలుగులో వార్తలు చదివారు. చీరకట్టు, చిరునవ్వు, అలసట లేని గొంతు. పండగ సెలవు అడగదు, జీతం పెంచమనదు. డెస్కులో కుర్రాళ్లు నవ్వుకున్నారు గానీ, ఆ నవ్వులో కాస్త గుబులూ ఉంది. ప్రెస్‌నోట్‌ని వార్తగా మార్చడం, పొడుగు వార్తని కుదించడం, శీర్షికలు పెట్టడం... ఉద్యోగంలో మొదటి రెండేళ్లు అతను నేర్చుకున్నదంతా యంత్రం అరనిమిషంలో చేసేస్తోంది. డిప్లొమాలో చెప్పిన పాఠాల్లో ఏది మిగులుతుందని అప్పుడప్పుడూ లెక్కేసుకుంటాడు. రాత్రి పదకొండింటికి ఘాట్‌రోడ్డు మీదికి బండేసుకుని వెళ్లే పని మాత్రం ఇంకా ఏ యంత్రమూ అడగలేదు.

ఆ పని చేసేది మండలం విలేకరి. అతనికి నెల జీతమంటూ చాలాచోట్ల ఉండదు. అచ్చయిన వార్త కొలతని బట్టి ఇంత అని లెక్క. ప్రకటనలు తెస్తే కమీషను. మిగతా బతుకంతా ఏ కిరాణా కొట్టుతోనో, ట్యూషన్లతోనో నెట్టుకురావాలి. పెట్రోలు అతనిదే, ఫోన్ రీఛార్జి అతనిదే. వార్త నిజమని తేలేది అతని కష్టంతో... పేజీ మీద అతని పేరు కూడా ఉండదు.

'రాత్రి ఉద్యోగమా బాబూ?'

ఇక సొంత బతుకు. దాని గురించి ఆలోచించడానికి ఖాళీ దొరికేది తెల్లవారుజామున రూముకి నడిచి వెళ్లేటప్పుడే. అప్పటికి పాల ప్యాకెట్ల ఆటోలు తిరుగుతుంటాయి. పొద్దున ఆరింటికి పడుకుంటే పదకొండుకో పన్నెండుకో మెలకువ. లేచేసరికి లోకం సగం రోజు వాడేసుకుని ఉంటుంది.

పోయినేడు ఒక సంబంధం వచ్చింది. పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రి మర్యాదగానే అడిగాడు. 'ఏం ఉద్యోగం బాబూ?' 'పేపర్లో అండీ.' ఆయన మొహం వెలిగింది. 'మా ఊరి రోడ్డు సంగతి రాయించాలి.' 'నేను డెస్కులో అండీ, రాత్రి డ్యూటీ.' వెలుగు కాస్త తగ్గింది. 'మరి ఆదివారం సెలవేగా?' 'మంగళవారం అండీ.' ఆ తరవాత టిఫిన్లు వచ్చాయి, సంబంధం మాత్రం ముందుకి రాలేదు. అమ్మాయి ఒక్కటే ప్రశ్న అడిగింది, 'టీవీలో కనిపిస్తారా?' అని.

పండగలకీ అంతే. ఒకప్పుడు సంక్రాంతికో దసరాకో పత్రికకి సెలవిస్తే డెస్కు మొత్తం ఊళ్లకి పరిగెత్తేది. ఇప్పుడు అచ్చు ఆగినా వెబ్‌సైట్ ఆగదు. ఎవరో ఒకరు కూర్చోవాలి. పెళ్లికానివాడు, కొత్తవాడు... ఎవరు కూర్చుంటారో చెప్పక్కర్లేదు కదా.

ఒకేఒక్కసారి రాత్రి షిఫ్టు ఇంటికొచ్చింది, 2020 లాక్‌డౌన్లో. కాగితం ముట్టుకుంటే వైరస్ వస్తుందేమోనని చాలా ఇళ్లలో పేపరు మానేశారు. కొందరు ఎండలో పెట్టి చదివారు, కొందరు ఇస్త్రీ చేసి మరీ చదివారు. పేజీలు పలచబడ్డాయి. సబెడిటర్లు ఇంట్లో డైనింగ్ టేబుల్ మీదే పేజీలు పెట్టారు. ఎదురు బల్ల సీనియర్ కూతురికి అప్పుడు పదేళ్లు. రాత్రి తొమ్మిదింటికి నాన్న ఇంట్లో ఉండటం ఆ పిల్ల చూసింది అప్పుడే. పక్కన కూర్చుని తప్పులు పట్టేదట. మర్నాటి ఏడాది రెండో అల వచ్చినప్పుడు ఆ సరదా లేదు. వార్తల కోసం తిరిగిన విలేకరులు ఎందరో పోయారు. నిన్నటిదాకా వార్త పంపినవాడి గురించే ఇవాళ వార్త రాయాల్సి వచ్చింది. ఆ రోజుల సంగతి సీనియర్ చెప్పరు, అడిగితే మాట మారుస్తారు.

కుర్రాడు వాట్సాప్‌లో నలభైమూడు గ్రూపుల్లో ఉన్నాడు. పోలీసువి, కలెక్టరేట్‌వి, పార్టీలవి, విలేకరులవి. రోజుకి వందల సందేశాలు. వాటన్నిటి కింద, బాగా కిందికి జరిపితే కనిపిస్తుంది 'అమ్మ' అని ఒక పేరు.

పదకొండూ యాభై ఐదు

సెల్లు మోగింది. మండలం విలేకరి.

'అన్నా... నేను ఘాట్‌లోనే ఉన్నా. సిగ్నల్ కోసం మలుపు దాకా నడిచొచ్చా. బస్సు పడలేదన్నా. మలుపులో పిట్టగోడకి గుద్దుకుని ఆగిపోయింది. డ్రైవర్‌కి చెయ్యి విరిగింది. ఇంకో ఇద్దరికి దెబ్బలు, చిన్నవే. మిగతావాళ్లని వేరే బస్సు ఎక్కించారు. నేనే చూసి లెక్కపెట్టా.'

'చనిపోయినవాళ్లు?'

'ఎవరూ లేరన్నా. ఆ ఫొటో ఇక్కడిది కాదు. అది చూసి నాకూ కాళ్లు వణికాయి.'

ఫొటోని పెద్దది చేసి చూశాడు. పది నిమిషాల కిందట చూడాల్సిన పని. బస్సు నుదుటి మీద ఊరిపేరు బోర్డు మసకగా ఉంది. అయినా తెలుస్తోంది, ఆ లిపి తెలుగు కాదు. ఏ రాష్ట్రంలోనో ఎప్పుడో జరిగిన ప్రమాదం అది. అక్కడి ఏడుపుని ఎవరో తీసుకొచ్చి ఇక్కడ పెట్టారు.

'అన్నా, ఒక పేరు చెబుతా. అతను ఆ బస్సులో ఉన్నాడేమో కనుక్కో.'

అవతల వాన చప్పుడు, ఎవరినో పిలిచిన కేక, ఎవరో బదులిచ్చిన కేక. రెండు నిమిషాలు పట్టింది.

'ఉన్నాడన్నా. సెల్లు చార్జింగ్ అయిపోయిందంట. రెండో బస్సు ఎక్కుతున్నాడు.'

ఇన్‌ఛార్జి పక్కనే నిలబడి గడియారం చూస్తున్నారు. పేజీ పన్నెండుంబావుకి కదలాలి. కుర్రాడు కీబోర్డు ముట్టుకోలేదు. ప్రూఫు కాగితం తిప్పి, వెనక రాసుకున్న నంబరు నొక్కాడు. ఒక్క రింగుకే ఎత్తారు.

'అమ్మా, పేపరాఫీసు నుంచి. మీ అబ్బాయి బాగున్నాడు. వేరే బస్సులో వస్తున్నాడు.'

అవతల మాట లేదు. కాసేపయ్యాక 'నీ కడుపు చల్లగుండ...' అని మొదలై ఏడుపులో కలిసిపోయింది. ఇన్‌ఛార్జి గడియారం మీంచి చూపు తిప్పుకున్నారు.

వార్త ఏడు లైన్లకు కుదిరింది. 'బస్సుకు తప్పిన ముప్పు.' పన్నెండు మంది చనిపోయిన వార్తకైతే రెండు కాలమ్‌లు చాలేవి కావు. ఎవరూ చనిపోని వార్తకి అందులో సగం కూడా నిండలేదు. మిగిలిన జాగాలో ఎప్పట్నుంచో పక్కన పడున్న పశువైద్య శిబిరం ఐటమ్ పెట్టాడు. పన్నెండూ పదమూడుకి పేజీ కదిలింది. అవతలి వెబ్‌సైట్లలో ఒకటి అప్పటికే ఆ వార్త తీసేసింది, చెప్పాపెట్టకుండా. రెండోది ఇంకా అలాగే ఉంది.

సీనియర్ కళ్లద్దాలు పెట్లో పెట్టుకుని లేచారు. ఏమీ అనలేదు. వెళుతూ వెళుతూ కుర్రాడి భుజం మీద ఒక్క క్షణం చెయ్యేసి వెళ్లారు.

హాల్లో సగం లైట్లు ఆర్పేశారు. కింద ప్రెస్సులో యంత్రం మొదలైన అదురు బల్లకి తెలుస్తోంది. కుర్రాడు సెల్లు తీసి గ్రూపులన్నీ దాటుకుంటూ కిందికి జరిపాడు. 'అమ్మ' దగ్గర రెండు మిస్డ్‌కాల్స్. తొమ్మిదీ పద్నాలుగుకి ఒకటి, తొమ్మిదీ నలభైకి ఒకటి. తరవాత ఒక సందేశం. ఆమెకు టైపు చేయడం రాదు, పక్కింటి పిల్లాడి చేత పెట్టించి ఉంటుంది.

'తిన్నావా నాన్నా?'

ఇప్పుడు ఫోన్ చేస్తే ఉలిక్కిపడి లేస్తుంది. పొద్దున ఐదింటికి ఎలాగూ సెల్లు చూసుకుంటుంది.

'తిన్నానమ్మా' అని టైపు చేసి పంపేశాడు.

పక్కన క్యారేజీ మూత ఇంకా తీయనేలేదు.